తిరియాఖ్ వచ్చేలోపు

బళ్ళో మా ఉర్దూ మాస్టర్ సాబ్ "తిరియాఖ్" అనే మాటకు అర్థం ఒక్క ముక్కలో చెప్పేవారు: జహర్‌కు విరుగుడు. పాము కాటుకు తిరియాఖ్ కావాలి, అదేమో ఇరాఖ్‌లో ఉంది. అది వచ్చేసరికి ఇక్కడ మయ్యత్‌కు గుసుల్ కూడా అయిపోతుంది. మా ఇంట్లో ఇప్పటికీ చాయ్ ఆలస్యమైనా "ఏం, ఇరాఖ్ నుంచి రావాలా?" అంటారు.

మాస్టర్ సాబ్ చెప్పని సంగతి ఒకటి చాలా ఏళ్ళకు చదివాను. గ్రీకు, రోమన్ హకీముల నుంచి బగ్దాద్ దాకా నడిచొచ్చిన ఆ పాతకాలపు తిరియాఖ్ నుస్ఖాలో పాము మాంసంతోపాటు అఫీమ్ కూడా ఉండేది. విరుగుడులోనే ఇంకో విషం! హకీములకు ఈ సంగతి తెలియక కాదు. అఫీమ్ నొప్పి తగ్గిస్తుందని, నిద్ర పుచ్చుతుందని, మోతాదు దాటితే మనిషి ప్రాణం తీస్తుందని ఇబ్నె సీనా కాలానికే బాగా తెలుసు. 1037లో హమదాన్‌లో ఆయన చనిపోయే ముందు జరిగిన సంగతులు శాగిర్ద్ జూజ్జానీ రాసి పెట్టాడు. ఉస్తాద్ తాగే దవాలో ఒక నౌకరు కావాలనే అఫీమ్ ఎక్కువ కలిపాడట. తిబ్ లోకానికంతటికీ ఉస్తాద్ అయిన మనిషి సొంత దవా గిన్నెను నమ్మలేని పరిస్థితి.

ఇంకో కథ జహాంగీర్ పాదుషా స్వయంగా రాసుకున్నది. 1618లో ఇనాయత్ ఖాన్ అనే దర్బారీ అఫీమ్‌కూ షరాబ్‌కూ బానిసై ఎముకల గూడులా మారిపోయాడు. హకీములను పెట్టి చూశారు, ఫాయిదా లేకపోయింది. ఆగ్రా వెళ్తానని ఇజాజత్ అడగడానికి అతన్ని పల్లకీలో తీసుకొచ్చారు. మనిషి ఈ హాలతులో కూడా బతికి ఉంటాడా అని జహాంగీర్ తఅజ్జుబ్ పడి, ముసవ్విర్‌లను పిలిపించి బొమ్మ గీయించాడు. దారి ఖర్చులకు 2,000 రూపాయలిచ్చి పంపాడు. మర్నాడే ఇనాయత్ ఖాన్ పోయాడు. ఆ బొమ్మ ఒకటి ఆక్స్‌ఫర్డ్‌లో, దాని చిత్తు గీత బోస్టన్‌లో ఇప్పటికీ ఉన్నాయి. దిండ్లకు ఆనుకున్న ఆ మనిషి పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

చూశారు, అయ్యో అనుకున్నారు, చేతిలో ఏదో పెట్టి పంపేశారు. మర్నాడు ఏమైందన్నది దర్బారు బాధ్యత కాదు. నేను చెప్పబోయేది 2020లో అమెరికా దవాఖానాల తారీఖ్. కరోనా వబా రోజుల్లో అఫీమ్ జాతి మందులు మోతాదు మించి ఊపిరి ఆగిన మరీజులు అక్కడి ఎమర్జెన్సీ గదులకు వచ్చినప్పుడు ఏం జరిగిందో చదువుతుంటే నాకు ఈ పల్లకీ పదేపదే గుర్తొచ్చింది.

ముందు అఫీమ్ అక్కడిదాకా ఎలా వచ్చిందో నాలుగు మాటల్లో చెప్తాను. పందొమ్మిదో సదీ మొదట్లో జర్మనీలో జెర్ట్యూర్నర్ అనే కుర్రాడు అఫీమ్ నుంచి మార్ఫిన్ విడదీశాడు. అదే దేశంలో 1898లో బాయర్ కంపెనీ హెరాయిన్‌ను బజారులోకి తెచ్చింది. దేనికనుకున్నారు? దగ్గుకు! ఊపిరి ఆపే మందును ఊపిరి తకలీఫ్‌కు దవాగా అమ్మారు. 1960 ప్రాంతంలో బెల్జియంలో పాల్ జాన్సెన్ ఫెంటనిల్ తయారుచేశాడు. మార్ఫిన్ కంటే దాదాపు 100 రెట్లు తేజు. ఆపరేషన్ గదిలో అది నిజంగా నిఅమతే. 1996లో పర్‌డ్యూ కంపెనీ ఆక్సీకాంటిన్ అనే నొప్పి మాత్రను బజారుకు తెచ్చి, దీనికి అలవాటు పడే ఖత్రా తక్కువని డాక్టర్లను నమ్మించింది. 2007లో ఒకసారి, 2020లో ఇంకోసారి ఆ కంపెనీ కోర్టులో జుర్మ్ ఒప్పుకుంది. నడుం నొప్పికి డాక్టర్ చీటీతో మాత్ర తెచ్చుకున్నవాళ్ళలో ఎందరో, చీటీ ఆగాక వీధిలో దొరికే హెరాయిన్‌కు వెళ్ళారు. 2013 తర్వాత ఆ హెరాయిన్‌లో దొంగచాటు ఫెంటనిల్ కలవడం మొదలైంది. ఇక మోతాదు ఎంతో అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు.

ఈ మందులు మనిషిని చంపే తీరు చాలా నిశ్శబ్దంగా ఉంటుంది. మనం నిద్రపోతున్నా ఊపిరి తీసుకోమని దిమాగ్‌లో ఒక భాగం హుకుం ఇస్తూనే ఉంటుంది. అఫీమ్ జాతి మందు అక్కడ కూర్చుంటే ఆ హుకుం మందగిస్తుంది. నిమిషానికి పదిహేను సార్లు తీసే ఊపిరి ఐదుకు, రెండుకు పడిపోతుంది. కనుపాపలు సూదిమొనంత అవుతాయి, పెదాలు నీలంగా మారతాయి, గొంతులో గురక లాంటి చప్పుడు వస్తుంది. పక్కగదిలో ఉన్న అమ్మీ ఆ గురక విని "పోన్లే, బిడ్డ హాయిగా పడుకున్నాడు" అనుకుంటుంది.

దీనికి విరుగుడు ఉంది. పేరు నాలోక్సోన్. 1961లో న్యూయార్క్‌లో జాక్ ఫిష్‌మన్, మోజెస్ లెవెన్‌స్టైన్ అనే ఇద్దరు దానికి పేటెంట్ దరఖాస్తు పెట్టారు. 1971లో అక్కడి హుకూమత్ మంజూరు చేసింది. ఫిష్‌మన్ పోలండ్ యూదు కుటుంబం బిడ్డ. నాజీల నుంచి చిన్నప్పుడే పారిపోయి, షాంఘైలో తలదాచుకుని, అక్కడి నుంచి అమెరికా చేరాడు. ఆయన చేసిన విరుగుడుకు ముడిసరుకు థెబైన్. అది కూడా గసగసాల మొక్క నుంచే వస్తుంది. పాత తిరియాఖ్‌లో విరుగుడు పేరుతో అఫీమ్ తినిపించారు, ఈ కొత్త తిరియాఖ్ మాత్రం అఫీమ్ మొక్కలోంచే నిజమైన విరుగుడై వచ్చింది. ఖుద్రత్ అంటే ఇదే కదా.

నాలోక్సోన్ దిమాగ్‌లో అఫీమ్ కూర్చున్న కుర్చీ నుంచి దాన్ని తోసేసి తాను కూర్చుంటుంది. రెండు మూడు నిమిషాల్లో చచ్చినట్టున్న మనిషి ఊపిరి తీస్తాడు, కళ్ళు తెరుస్తాడు. కానీ దీనికి ఒక హద్దుంది. అది ముప్పై నుంచి తొంభై నిమిషాలే పనిచేస్తుంది. ఒంట్లో మందు ఇంకా మిగిలి ఉంటే మళ్ళీ ఊపిరి ఆగొచ్చు. అందుకే లేచి కూర్చున్నవాణ్ణి కూడా దవాఖానాకు తీసుకెళ్ళి కొన్ని గంటలు కనిపెట్టుకుని ఉండాలంటారు. పైగా లేచిన మనిషికి ఆరాం ఉండదు. ఒళ్ళంతా నొప్పులు, వాంతులు, వణుకు. అలవాటు పడిన శరీరం ఆ మందునే అడుగుతుంది. సరిగ్గా ఆ ఘడియలో అతని చేతిలో ఏం పెడతారన్నదే అసలు సవాల్.

ఇక 2020 మార్చి. లాక్‌డౌన్. మరుసటి నెలలో అమెరికా ఎమర్జెన్సీ గదులకు వచ్చే జనం అంతకుముందు ఏడాదితో పోలిస్తే 42 శాతం తగ్గారు. గుండె నొప్పి వచ్చినవాళ్ళు కూడా కరోనా భయంతో ఇంట్లోనే ఉండిపోయారు. ఓవర్‌డోస్ మరీజులు మాత్రం తగ్గలేదు. వర్జీనియాలోని రిచ్‌మండ్ నగరంలో ఒక దవాఖానా లెక్క చూడండి. 2019 మార్చి నుంచి జూన్ దాకా ప్రాణంతో బయటపడిన ఓవర్‌డోస్ మరీజుల రాకలు 102. 2020లో అవే నెలల్లో 227. పెరిగినవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతివారు.

వీళ్ళంతా దవాఖానా గడప తొక్కినవాళ్ళు. తొక్కనివాళ్ళ సంగతి కెంటకీ అంబులెన్సు లెక్కల్లో ఉంది. ఎమర్జెన్సీ ప్రకటించిన తర్వాతి 52 రోజులను ముందరి 52 రోజులతో పోల్చారు. ఓవర్‌డోస్ అయి దవాఖానాకు చేరినవాళ్ళు 17 శాతం పెరిగారు. అంబులెన్సు వచ్చి లేపాక "నేను దవాఖానాకు రాను" అన్నవాళ్ళు 71 శాతం పెరిగారు. అంబులెన్సు వెళ్ళేసరికే అక్కడే చనిపోయి ఉన్న ఘటనలు 50 శాతం. ఆ 71 శాతం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇప్పుడే మౌత్ అంచు నుంచి వెనక్కి వచ్చిన మనిషి, ఇంకో గంటలో విరుగుడు దిగిపోతుందని వింటూ కూడా, దవాఖానాకంటే ఇల్లే మేలనుకున్నాడు. కరోనా అంటుకుంటుందని భయం. ఇంటివాళ్ళను లోపలికి రానివ్వరని భయం. పాతరోజుల్లో అక్కడ పడ్డ బేఇజ్జతీ గుర్తు. ఇన్ని కలిశాయి.

ఇంకోటి, ఒంటరితనం. నలుగురిలో ఉన్నప్పుడు ఊపిరి ఆగితే ఎవరో ఒకరు అరుస్తారు. దూరంగా ఉండండి అని వబా చెప్పింది, అది సరైన మాటే. గది తలుపు వేసుకుని ఒంటరిగా వేసుకున్నవాడికి మాత్రం ఆ మాటే ఖాతిల్ అయింది.

దవాఖానా లోపల డాక్టర్లు, నర్సులు పడ్డ కష్టం తక్కువదేమీ కాదు. ఊపిరి ఆగిన మరీజుకు ముఖానికి మాస్కు పెట్టి సంచితో గాలి కొట్టాలి. ఆ గాలితోనే వైరస్ గది అంతా చిమ్ముతుంది. కాబట్టి పీపీఈ వేసుకోకుండా దగ్గరికి వెళ్ళకూడదు. ఊపిరి ఆగితే నాలుగైదు నిమిషాల్లో దిమాగ్ దెబ్బతింటుంది, గౌను, గ్లౌజులు, కళ్ళద్దాలు వేసుకోవడానికీ నిమిషాలే పడతాయి. ఆ గదుల్లో పనిచేసినవాళ్ళలో మన హైదరాబాద్, విజయవాడ, గుంటూరుల నుంచి వెళ్ళిన డాక్టర్లు ఎంతోమంది. మీ ఖాందాన్‌లోనే ఒకరుండొచ్చు, అడిగి చూడండి.

వాళ్ళను అడగాల్సిన ఇంకో వింత కూడా ఉంది. ఆ ఏప్రిల్‌లో పై అంతస్తులో కరోనా మరీజులు వెంటిలేటర్ల మీద ఉన్నారు. గొంతులో గొట్టం భరించాలంటే వాళ్ళకు మత్తు కావాలి. ఆ మత్తుకు వాడే మందుల్లో ముఖ్యమైనది ఫెంటనిల్. దవాఖానాల్లో అది అయిపోతోందని గోల మొదలైతే అమెరికా హుకూమత్ ఫెంటనిల్, మార్ఫిన్ వంటి మందుల తయారీ కోటాను 15 శాతం పెంచింది. పైన ఫెంటనిల్ సాయంతో మెషీన్ ఊపిరి పోస్తోంది, కింద ఎమర్జెన్సీ తలుపు దగ్గర ఫెంటనిల్ వల్లే ఊపిరి ఆగినవాణ్ణి దించుతున్నారు. పైన మోతాదు కొలిచేవాళ్ళున్నారు, పక్కన కనిపెట్టుకున్న నర్సు ఉంది. కిందివాడికి ఆ రెండూ లేవు.

సరే, లేపారు. తర్వాత? ఎక్కువ చోట్ల ఒక కాగితం మీద డీఅడిక్షన్ సెంటర్ ఫోన్ నంబరు రాసి ఇచ్చి పంపేవారు. ఇది కరోనాకు ముందు నుంచీ ఉన్న ఆనవాయితీ. మాసచూసెట్స్‌లో 2011 నుంచి 2015 మధ్య ఓవర్‌డోస్ అయి ఎమర్జెన్సీలో ఇలాజ్ పొంది బయటికి వెళ్ళిన 11,557 మందిని డాక్టర్ స్కాట్ వైనర్ బృందం వెనక్కి వెళ్ళి లెక్కగట్టింది. ఏడాదిలోపు 635 మంది పోయారు. వాళ్ళలో 130 మంది నెల తిరక్కుండా, 29 మంది రెండు రోజుల్లోపే. ఇనాయత్ ఖాన్ ఒక్కడు కాదు.

చేతిలో కాగితానికి బదులు ఏం పెట్టాలో తెలియని రోజులు కావు అవి. బ్యుప్రెనార్ఫిన్ అనే దవా ఉంది. అది కూడా అఫీమ్ జాతిదే, కాకపోతే సగం కుర్చీలో కూర్చుంటుంది. తలబ్ తీరుస్తుంది, వణుకు ఆపుతుంది, ఊపిరిని మాత్రం ఒక హద్దు దాటి అణచదు. ఫ్రాన్స్‌లో 1995లో మామూలు డాక్టర్లందరికీ ఇది రాసే ఇజాజత్ ఇచ్చారు. నాలుగేళ్ళలో హెరాయిన్ ఓవర్‌డోస్ మౌతులు దాదాపు ఐదింట నాలుగు వంతులు తగ్గిపోయాయి. 2015లో యేల్ యూనివర్సిటీ డాక్టర్ గెయిల్ డొనోఫ్రియో ఎమర్జెన్సీ గదిలోనే దీన్ని పరీక్షించి చూపించింది. అఫీమ్ జాతి మందులకు అలవాటు పడిన 329 మందిని మూడు జట్లుగా చేశారు. ఉత్త కాగితం ఇచ్చి పంపినవాళ్ళలో నెల తర్వాత ఇలాజ్‌లో ఉన్నది 37 శాతం. కూర్చోబెట్టి మాట్లాడి, సెంటర్‌కు దారి చూపించి పంపినవాళ్ళలో 45. అక్కడే బ్యుప్రెనార్ఫిన్ మొదలుపెట్టి పంపినవాళ్ళలో 78.

ఇంత తెలిసీ వబా నాటికి అమెరికా ఎమర్జెన్సీ గదుల్లో ఇది అరుదు. అడ్డం పడింది ఒక ఖానూన్. 2000 నాటి చట్టం ప్రకారం బ్యుప్రెనార్ఫిన్ రాయాలంటే డాక్టరుకు ప్రత్యేక ఇజాజత్, దానికి ఎనిమిది గంటల తరగతి కావాలి. ఆక్సీకాంటిన్ రాయడానికి ఆ తరగతి అక్కర్లేదు! జహర్ చీటీ తేలిక, విరుగుడు చీటీ కష్టం. ఖానూన్ రాసినవాళ్ళ నీయత్ చెడ్డదని నేననను. కానీ ఆ ఖానూన్ వెనుక ఒక నమ్మకం దాక్కుని ఉంది: ఇలాంటివాడికి మళ్ళీ మందివ్వడమేమిటి, ముందు తౌబా చేయనీ అని. మన మొహల్లాల్లోనూ వినిపించే మాటే.

వబా ఆ గోడను కొంత పడగొట్టింది, అది కూడా మజ్బూరీలో. మెథడోన్ అనే ఇంకో దవా కోసం మరీజులు రోజూ తెల్లవారుజామున క్లినిక్ ముందు లైను కట్టాల్సి వచ్చేది. లైనులో కరోనా అంటుకుంటుందని 2020 మార్చి 16న ఆ నియమం సడలించారు. నిలకడగా ఉన్నవాళ్ళకు 28 రోజుల దవా ఒకేసారి ఇంటికివ్వొచ్చన్నారు. ఆ నెలాఖరుకు, డాక్టర్ ముఖం చూడకుండా ఫోన్ మీదే బ్యుప్రెనార్ఫిన్ మొదలుపెట్టొచ్చన్నారు. ఇన్ని రోజుల దవా ఇంట్లో పెడితే మింగి చస్తారని చాలామంది భయపడ్డారు. లెక్కలు వేరే చెప్పాయి. మొత్తం ఓవర్‌డోస్ మౌతుల్లో మెథడోన్ ఉన్నవి 2019లో 4.5 శాతం, 2021లో 3.2 శాతం. ఎతిబార్ చేసి చేతికిస్తే మనిషి నిలబడ్డాడు.

కానీ ఈ సడలింపులు ఎమర్జెన్సీ గది తలుపు దాకా రావడానికి ఆలస్యమైంది. ఆలోపు తిరియాఖ్ కోసం ఎదురుచూసినవాళ్ళ లెక్క ఇది. అమెరికాలో అన్ని రకాల ఓవర్‌డోస్ మౌతులు 2019లో 70,630. 2020లో 91,799. 2021లో 1,06,699. వీటిలో నాలుగింట మూడు వంతులు అఫీమ్ జాతి మందులవే. కరోనా మయ్యతుల లెక్క ప్రతి సాయంత్రం టీవీలో చదివారు, వీళ్ళ లెక్క చదివిన గుర్తు ఎవరికీ లేదు. 2022 డిసెంబరులో ఆ ఎనిమిది గంటల తరగతి ఇజాజత్ రద్దయింది. 2023 మార్చిలో నాలోక్సోన్ ముక్కు స్ప్రేను చీటీ లేకుండా అమ్మడానికి మంజూరు వచ్చింది. షికాగోలో డాన్ బిగ్ అనే ఆయన, ఆయన సాథీలు వీధిలో తిరిగి మందు వేసుకునేవాళ్ళ చేతికే నాలోక్సోన్ ఇవ్వడం మొదలుపెట్టింది 1996లో. హుకూమత్ అక్కడికి చేరడానికి 27 ఏళ్ళు పట్టింది. ఇరాఖ్ అంత దూరం మరి. 2024లో మౌతులు 80 వేల దగ్గరికి దిగాయి. కారణాలు చాలా ఉంటాయి, అందులో ఇదీ ఒకటని డాక్టర్లంటారు.

మన దగ్గర ఫెంటనిల్ బాధ లేదు కదా అనొచ్చు. 2020 మార్చి ఆఖరున హైదరాబాద్ ఎర్రగడ్డ దవాఖానా ముందు ఎవరు బారులు తీరారో గుర్తు తెచ్చుకోండి. కల్లు దుకాణాలు మూతపడి, అందులో కలిపే మత్తుమందు ఒక్కసారిగా ఆగిపోయి, ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో వచ్చినవాళ్ళు. ఆ జూలై ఆఖర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో షరాబ్ దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. మందు జాతి వేరు, కథ అదే. దుకాణం మూసేముందు ఇలాజ్ తలుపు తెరవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అఫీమ్ జాతి సంగతికొస్తే, 2019లో ఎయిమ్స్ వెలువరించిన సర్వే ప్రకారం దేశంలో వీటిని వాడేవాళ్ళు 2.26 కోట్లు, అందులో సాయం అవసరమైనవాళ్ళు సుమారు 77 లక్షలు. పంజాబ్‌లో 2017 నుంచి సర్కారీ క్లినిక్కుల్లో బ్యుప్రెనార్ఫిన్ ఇస్తున్నారు. లాక్‌డౌన్‌లో వాళ్ళు కూడా రెండు మూడు వారాల దవా ఇంటికిచ్చారు. ట్రమడాల్ నొప్పి మాత్రల దుర్వినియోగం ఎంత పెరిగిందంటే 2018లో దాన్ని మత్తుమందుల చట్టం కిందికి తేవాల్సి వచ్చింది. ఆ మాత్రల షీటుకు పేరు, మజ్హబ్ ఉండవు.

మన ఖౌమ్‌లో ఒక అలవాటు నాకు తెలుసు, మీకూ తెలుసు. జవాన్ బిడ్డ పోతే "హార్ట్ ఫెయిల్" అంటాం. జనాజా నమాజు దగ్గర ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. మర్హూమ్ పరదా కాపాడటం మంచిదే. బతికున్నవాడి విషయంలో కూడా అదే పరదా వేస్తున్నాం, చిక్కంతా అక్కడే. నాలోక్సోన్ కనిపెట్టిన ఫిష్‌మన్ సొంత ఇంట్లో ఏమైందో తెలుసా? 2003లో ఆయన భార్య కొడుకు హెరాయిన్ ఓవర్‌డోస్‌తో చనిపోయాడు. ప్రపంచానికి తిరియాఖ్ ఇచ్చిన మనిషి ఇంటి బిడ్డకే ఆ ఘడియలో అది అందలేదు.

మన దేశంలో నాలోక్సోన్ ఇంజెక్షన్ పెద్ద దవాఖానాల్లో ఉంటుంది, ఇళ్ళలో ఉండదు. కాబట్టి మనకున్న దారి అంబులెన్సే. పోలీసు కేసవుతుందని వెనకాడేవాళ్ళకు ఒక మాట: 1985 నాటి మత్తుమందుల చట్టంలో 64ఎ అనే సెక్షన్ ఉంది. సొంతానికి వాడినందుకో, కొద్ది మొత్తం దగ్గరున్నందుకో కేసు పడ్డ వ్యసనపరుడు తనంతట తాను ముందుకొచ్చి సర్కారు గుర్తించిన చోట ఇలాజ్ తీసుకుంటే ఆ కేసులో శిక్ష నుంచి హిఫాజత్ ఇస్తుంది. డీఅడిక్షన్ సలహా కోసం 14446 అనే ఉచిత నంబరుంది. పిల్లవాడు లేపినా లేవక, గురక పెడుతూ, పెదాలు నీలంగా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఊపిరి ఆగితే నోటితో ఊదండి, 108కి ఫోన్ చేయండి. ఫోన్లో "గుండెపోటు" అని చెప్పొద్దు. ఏం వేసుకున్నాడో చెప్పండి, పక్కన పడి ఉన్న షీటు, సూది, పొట్లం ఏది దొరికితే అది అంబులెన్సులో డాక్టర్ కోసం పెట్టండి. డాక్టర్ కనుపాపలు చూసి ఎలాగూ పట్టేస్తాడు, కానీ దానికి పట్టే నిమిషాలు మీ బిడ్డవి. ఇంటికి పంపేటప్పుడు కాగితం మాత్రమే ఇస్తే, అక్కడే నిలబడి అడగండి: రేపటి దవా ఏది, సాబ్?